పళ్లెం మాయమయ్యే లోతు

మొదటి ఆదివారమే, పడవ ఎక్కుతూ అతను ఆమె కాలు తొక్కాడు.

"సారీ అండీ, కనిపించలేదు."

"మీరేం చేస్తుంటారు?"

"కళ్లజోళ్ల షాపు."

"పాపం, కొనేవాళ్లు!" అంది ఆమె. ఆమె టైలరు. కొలతల విషయంలో కన్నతండ్రినైనా నమ్మదు.

చెరువు నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో వారంవారం చూసే వాలంటీర్లు వాళ్లు. నలుపూ తెలుపూ వేసిన పళ్లేన్ని తాడుతో నీళ్లలోకి దించుతారు. అది కంటికి మాయమైన చోట లోతు చూసుకుంటారు. ఇద్దరూ విడివిడిగా చూడాలి. మూడుసార్లు జానెడు మించి తేడా వస్తే జంటను విడదీసేస్తారు. ఆ రూలు రిటైరైన కెమిస్ట్రీ మాస్టారిది. ఆయన దగ్గర బతిమాలుడు బేరాలు చెల్లవు.

మొదటి రెండు వారాలూ జానెడు మించే తేడా వచ్చింది. తర్వాత ఐదు వారాలూ సెంటీమీటరు కూడా తేడా లేదు. టైలరుకు కొలత పైకి చదివే అలవాటుంది. అనుమానం కూడా ఉంది.

ఆ ఆదివారం సన్నటి జల్లు. నీళ్లకీ ఆకాశానికీ మధ్య గీత ఎవరో చెరిపేసినట్టుంది. ఆమె కంటికి పళ్లెం మీటరూ డెబ్భై దగ్గర మాయమైంది.

"రెండు మీటర్లూ నలభై" అని చదివింది ఆమె.

అతను తాడు దించాడు. చూపు మాత్రం ఆమె చెంప మీద జారాలా వద్దా అని ఆలోచిస్తున్న చినుకు దగ్గరే ఆగింది.

"రెండు మీటర్లూ నలభై. అచ్చంగా!"

"నేను చెప్పింది అబద్ధం."

పడవ ఊగింది.

"తేడా వస్తే మిమ్మల్ని వేరే పడవ ఎక్కిస్తారండీ" అన్నాడు. "అది చూడలేక..."

"ఇందులో పిల్లలు ఈదుతారు. నీళ్లు పాడైతే ముందు చెప్పాల్సింది మన కాగితం. దానికా అబద్ధం నేర్పేది? మళ్లీ దించండి. ఈసారి నీళ్లకేసి చూడండి."

చూశాడు. "మీటరూ తొంభై అయిదు."

జానెడు దాటింది. మూడోసారి. అతని ఐదు వారాల అంకెలూ కొట్టేసి, ఇవాళ్టివి రెండూ రాసిందామె. పెన్సిలు ముల్లు విరిగింది.

ఒడ్డున మాస్టారు కాగితం చూసి, "వచ్చే వారం నుంచి మీ ఇద్దరికీ వేరే జంటలు" అన్నారు.

అతను తలొంచుకుని బయల్దేరాడు.

"మాస్టారూ, మీ రూలు ఆదివారాలకేనా?" అంది ఆమె.

"అవునమ్మా. ఏం?"

"ఏం లేదండీ" అని, వెళ్లిపోతున్నవాణ్ణి కేకేసింది. "ఇదిగో, కళ్లజోళ్లూ! రేపు ఆరింటికి నా షాపు కట్టేస్తాను. రండి."

"దేనికండీ?"

"ఈసారి మీ మనసులో మాట ముందు మీరు చెప్పండి. నాదాంతో సరిపోయిందో లేదో నేను చెబుతాను."