సున్నా అంటే ఇక చాలని

దేశానికి శత్రువులెవరో ఏజెంట్ నీదియాకి కొట్టిన పిండి. ఇంటి శత్రువు దగ్గరే ఆమె ఓడిపోయేది. వాడు తమ్ముడు విల్మార్. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా 'తప్పు నాది' అన్న పాపాన పోలేదు. అమ్మ పుట్టినరోజుకి మాంసం బొగ్గు చేసి, నేరం కట్టెల మీదికి నెట్టాడు. కట్టెలు పాపం నోరు విప్పలేదు.

ఆ ఆదివారం మోంటెవిడియోలో సముద్రపు గాలికి కిటికీలు కొట్టుకుంటుండగా ఫోన్ మోగింది.

"ఉల్లిపాయలొచ్చాయా?" చీఫ్ బెర్రుతి గొంతు.

"కుళ్లినవే వచ్చాయి." కోడ్ సరిపోయింది. "చెప్పండి సార్."

"సేఫ్ హౌస్‌లో మన సాక్షి ఉన్నాడు కదా. పొద్దున ఆ తలుపు దానంతటదే ఓసారి తెరుచుకుంది. రిహార్సల్! విదేశీ ముఠావాళ్లిద్దరు ఎదురు కేఫ్‌లో కూర్చున్నారు. సాక్షిని బయటికి తెస్తే కాల్చేస్తారు. మన బండ్లు ఫుట్‌బాల్ జనంలో ఇరుక్కున్నాయి."

"తాళం సిస్టమ్ ఆపేయండి."

"కరెంటు తీస్తే తలుపు తెరుచుకుంటుంది. ఫైర్ రూలు! తెరిచింది మన ఇంజనీర్ లాగిన్‌తో. అతను నిన్ననే లాగౌట్ అయ్యాడు. అయినా అతని కుకీ, అదే, లాగిన్‌ని గుర్తుపెట్టుకునే చీటీ, చావలేదు. దాన్ని ఎవరో కొట్టేశారు. కుకీల గడువు చూసే ఆ కోడ్ లైబ్రరీ రాసింది..."

"మా తమ్ముడు," అంది నీదియా కళ్లు మూసుకుని.

గ్యాస్ సిలిండర్లు వేసే మనిషి వేషంలో బయల్దేరింది. చంకలో ఫ్లాస్కు. మాతే టీకి వేణ్ణీళ్ల ఫ్లాస్కు లేని మనిషినే ఆ ఊళ్లో అనుమానిస్తారు. ఈ ఫ్లాస్కులో పైన మరిగిన నీళ్లు, అడుగున రికార్డరు.

తమ్ముడి ఇంటి డాబా మీద విల్మార్ ఒంటరిగా లేడు. ఎర్ర సిల్కు స్కార్ఫులో ఒక అందగత్తె. విల్మార్ మాతే ఆకు నింపిన సొరబుర్రలో వేణ్ణీళ్లు పోసి ఆమెకి అందిస్తున్నాడు.

"ఈవిడ సెలెస్తె, అక్కా. ఊరు మన సాల్తోనే. నా లైబ్రరీ అంటే ప్రాణం."

"పాపం, ఊళ్లో ఇంకేం దొరకలేదా? ఒరేయ్, లాగౌట్ అయినా నీ కుకీలు చావట్లేదట!"

"ఎందుకు చావవు? ఆయుష్షు సున్నా చేస్తాం. చావకపోతే అది సర్వర్ తప్పు."

సెలెస్తె బుర్ర తిరిగిచ్చింది. "థాంక్స్." విల్మార్ మళ్లీ నింపాడు. ఆమె తాగి, "థాంక్స్," అంటూ మళ్లీ చెయ్యి చాచింది.

నీదియా ఆడిస్తున్న కాలు ఆగిపోయింది. మాతే బుర్ర తిరిగిస్తూ థాంక్స్ అంటే 'ఇక చాలు' అని. ఆ దేశంలో పాలు మానిన పిల్లకైనా తెలిసిన సంగతి. సాల్తోలో పుట్టినావిడకి తెలియదా?

"ఒరేయ్, ఆవిడ చాలంది. ఇంకా పోస్తావేం?"

"అందా? నేను... పట్టించుకోలేదు."

"నీ లైబ్రరీ కూడా నీలాగేనా? సున్నా కనిపిస్తే ఏం చేస్తుంది?"

విల్మార్ ముఖం పాలిపోయింది. "ఆయుష్షు ఏమైనా ఉందా అని చూస్తుంది. సున్నా కదా... లేదనుకుంటుంది. ఎవరూ గడువు పెట్టలేదనుకుని..."

"పోస్తూనే ఉంటుంది!"

సెలెస్తె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు మెరిసింది. అంతకన్నా ముందే ఫ్లాస్కు వంగింది. మణికట్టు మీద మరిగిన నీళ్లు. కెవ్వున కేక. పిస్తోలు పూలకుండీలో పడింది.

"నన్ను పట్టుకుని ఏం లాభం?" పళ్లు బిగించి నవ్వింది సెలెస్తె. "కుకీ వాళ్ల ఫోన్లో కూడా ఉంది."

చెవిలోని ఇయర్‌ఫోన్‌లో బెర్రుతి: "కేఫ్‌లో వాళ్లు లేచారు. రోడ్డు దాటుతున్నారు!"

విల్మార్ లాప్‌టాప్ లాక్కుని కోడ్ దిద్దుతున్నాడు. "'ఉందా' అని అడగొద్దు, 'చెప్పారా' అని అడగాలి. సున్నా చెప్పినా చెప్పినట్టే..."

"పాఠం తర్వాత చెబుదువు గాని, ముందు తాళం సర్వర్‌కి పంపించరా నాయనా!"

"తలుపు దగ్గరికొచ్చారు," అన్నాడు బెర్రుతి. "ఒకడు ఫోన్ తీశాడు. నొక్కబోతున్నాడు."

విల్మార్ ఎంటర్ కొట్టాడు.

"తెరుచుకోలేదు! మళ్లీ లాగిన్ అవ్వమందేమో, ఫోన్‌ని బూతులు తిడుతున్నాడు. మన బండి వచ్చేసింది!"

నీదియా సెలెస్తె చేతులు ఆమె ఎర్ర స్కార్ఫుతోనే కట్టి, ఫ్లాస్కు తమ్ముడి ముందు పెట్టింది.

"రికార్డరు తిరుగుతోంది. తప్పు సర్వర్‌దేనా?"

విల్మార్ ఫ్లాస్కు దగ్గరికి వంగాడు.

"నాదే, అక్కా. తప్పు నాదే." గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు మాంసం మాడింది కూడా... కట్టెల వల్ల కాదు."