శ్రుతి సరిచేసిన పాపం

"తన అక్కని చంపిందెవడో కనుక్కుని రమ్మంది మా అమ్మమ్మ. మీరేనా?"

స్టూడియో తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయి మొదటి మాట అది. బయట విల్నియస్ నగరమంతా వాన. అందులో సగం ఆమె కోటు మీద నుంచి నా తివాచీ మీదికి కారుతోంది.

"నేనెవర్నీ చంపలేదండీ. పొద్దున్నుంచీ ఇక్కడే కూర్చుని పుల్లమీగడ ప్రకటనకి పాట కడుతున్నాను."

"జోకులొద్దు. నా పేరు రామునె. పాత టేపు పంపాను కదా, బాగుచేసి పెట్టమని!"

అప్పుడు గుర్తొచ్చింది. డెబ్బైల్లో ఎవరో రికార్డు చేసిన టేపు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు సుతర్తినె పాడారు. సుతర్తినె అంటే మా దేశంలో తెలియనివాళ్ళుండరు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చెరో బాణీ ఒకేసారి పాడతారు. బడిలో మాకూ నేర్పారు గానీ, ఆ క్లాసు రోజున నాకు సరిగ్గా కడుపునొప్పి వచ్చేది.

టేపులో బుసబుసలు తీసేశాక విన్నాను. రెండు గొంతులూ పక్కపక్క స్వరాల్లో ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. పాపం పల్లెటూరి ఆడవాళ్ళు, శ్రుతి కుదరక అవస్థ పడుతున్నారనుకున్నాను. దయ తలచి, కంప్యూటర్లో ఒక గొంతుని కాస్త పక్కకి జరిపాను. తేనెలా కుదిరింది. నా చెవిని నేనే మెచ్చుకున్నాను.

"బాగానే వచ్చింది కదండీ?" అన్నాను, ఇంకా తెలివి రాక.

"బాగా రావడమా! ఉప్పుచేప మీద జామ్ పూసినట్టుంది. ఆ ఒరుసుకోవడమే పాట! అమ్మమ్మ విని, హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది. 'ఇందులో మా అక్క ఎమీలియా లేదు, దాన్నెవడో చంపేశాడు, ఎవడో కనుక్కుని రా' అంది. అప్పట్నుంచి మాట్లాడ్డం మానేసింది."

అంటే, నేను జరిపిన గొంతు ఎమీలియాది.

"అసలుది ఉందా, చెరిపేశారా?"

"ఉందండీ. భద్రంగా ఉంది."

ఆమె కుర్చీలో కూలబడింది. కోపం దిగిపోతే ఆ కళ్ళు ఎంత బాగుంటాయో అప్పుడే చూశాను. చూడకుండా ఉండాల్సింది, ఎందుకంటే ఆ తర్వాత ఆమె చెప్పినవి సగమే నా చెవికెక్కాయి.

ఎక్కినవి ఇవి. వచ్చే శనివారం యోరె, వసంతం పండగ. ఏటా వాళ్ళ ఊరి చెరువు ఒడ్డున పాత దేవతలకి నిప్పు రాజేసి మొక్కుతారు. నిరుడు స్పీకరు పెట్టి, నెట్‌లో దొరికిన పిల్లనగ్రోవి పాట వేశారు. పేరు 'దేవతల సంగీతం'. మొక్కు మధ్యలో చెప్పుల ప్రకటన వచ్చింది. జనం పడీపడీ నవ్వారు, రామునె ఏడ్చింది.

"ఏడాదంతా వెతికాను. డప్పులు, మంత్రాలు, అడవిలో గాలి చప్పుళ్ళు, అన్నీ విన్నాను. ఏదీ నన్ను కదిలించలేదు. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మమ్మా ఎమీలియా నిప్పు దగ్గర పాడారు. చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఎవరో వచ్చి మా మధ్య నిలబడ్డట్టనిపించింది. నాకు ఆ పాటే కావాలి. అమ్మమ్మకి ఎనభై ఆరు. ఈ ఏడు కాకపోతే మరి లేదు. ఎమీలియా వంతు నేను నేర్చుకుందామంటే, అది ఆ టేపులో తప్ప ఇంకెక్కడా లేదు."

"పదండి" అన్నాను.

"ఎక్కడికి?"

"మీ అమ్మమ్మ కాళ్ళ మీద పడ్డానికి."

*

ఊళ్ళో రామునె అమ్మమ్మ, వెరోనికా, గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

"వీడేనా హంతకుడు? బొత్తిగా బక్కగా ఉన్నాడే! ముందు తిండి పెట్టవే."

బీట్‌రూట్ చల్లపులుసూ వేడి బంగాళదుంపలూ తిన్నాక అసలు టేపు వినిపించాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. చనిపోయిన అక్క గొంతుకి ఎదురుగా నిలబడి తన వంతు పాడడం మొదలుపెట్టింది. రెండు గొంతులూ ఒరుసుకున్నచోట చర్చి గంట మోగాక మిగిలే కంపం లాంటిది పుట్టింది. నా మెడ వెనక చల్లబడింది. చెత్తనుకుని నేను ఊడ్చేసింది దీన్నే. సిగ్గేసింది.

రామునె రెండు రోజుల్లో ఎమీలియా వంతు నేర్చేసుకుంది. చిక్కల్లా ఒక్కటే. అమ్మమ్మ గొంతు వినబడగానే తన బాణీ వదిలేసి దాని వెనకాలే పోయేది.

"దీనికి ప్రేమ ఎక్కువైంది, నాతో పోట్లాడదు" అంది అమ్మమ్మ. "ఒరే అబ్బాయ్, నీతో అయితే బాగానే పోట్లాడుతోంది కదా. నా వంతు నువ్వు నేర్చుకో, సాధనకి దానికి ఎదురు పాడు."

"ఆడవాళ్ళ పాట కదండీ? మగవాళ్ళు చెక్క గొట్టాల వాద్యాలు ఊదాలి గానీ..."

"తప్పు చేసినవాడికి బేరాలేమిట్రా?"

అలా నేను స్టూడియోకి సెలవు పెట్టి, వాళ్ళ ఆవిరిస్నానాల కొట్టంలో పక్క వేసుకున్నాను. కట్టెలు కొడుతూ పాడాం, కంచె బాగుచేస్తూ పాడాం. మొదట్లో నేనే జారేవాణ్ణి. నా గొంతు దానంతటదే తియ్యని వైపుకి పోయేది.

"మళ్ళీ జామ్ పూశావు!" అనేది రామునె.

నా జారుడు తగ్గాక ఆమెది మొదలైంది. సరిగ్గా నేను తలెత్తి చూసినప్పుడల్లా.

"అలా చూడకు."

"ఎలా?"

"ఇదిగో, ఇలాగే!"

చివరికి ఒకరికొకరం వీపు పెట్టి నిలబడ్డాం. కిటికీలోంచి అమ్మమ్మ అరిచింది.

"వీపులకా పాడతారు? తిరగండి! చేతులు పట్టుకోండి! మొహాలు చూసుకుంటూ కూడా జారకపోతేనే అది పాట!"

తిరిగాం. చేతులు పట్టుకున్నాం. ఆ సాయంత్రం ఇద్దరం జారాం.

*

శనివారం పొద్దున్న సన్నగా తుంపర. చెరువు ఒడ్డున యాభైమంది దాకా చేరారు. భూర్జ చెట్లు అప్పుడే చిగుళ్ళు వేస్తున్నాయి. నిప్పుతల్లి గబియాకి ఉప్పు చల్లారు, బీరు పోశారు. అమ్మమ్మా రామునె ఎదురెదురుగా నిలబడ్డారు. నేను జనంలో నిలబడి, ఊపిరి బిగబట్టి విన్నాను.

రామునె జారలేదు. మొదటిసారి అమ్మమ్మ కళ్ళలోకి చూస్తూ కూడా జారలేదు.

మూడో చుట్టులో అమ్మమ్మకి దగ్గు తెర వచ్చింది. గొంతు చీలి, ఆగిపోయింది. రామునె వంతు ఒక్కటే మిగిలింది. ఒంటరిగా వింటే అది మామూలు పాటే, అందులో ఏమీ లేదు. ఆమె కళ్ళు నాకోసం వెతుకుతున్నాయి.

ఆడవాళ్ళ పాట, పైగా దేవతల ముందు. ఊరేమంటుందో నాకు తెలీదు. అయినా వెళ్ళి అమ్మమ్మ పక్కన నిలబడి, ఆవిడ ఆపినచోట అందుకున్నాను.

ఒరుసుకుంది. మంట చుట్టూ గాలే మోగినట్టయింది. చేతుల మీద వెంట్రుకలు నావీ లేచాయి. నాకు దేవుళ్ళ మీద పెద్దగా నమ్మకం ఉండేది కాదు. ఆ కాసేపూ మాత్రం మా మధ్య ఎవరో నిలబడ్డారు, ఈ మాట నేను ఎక్కడైనా చెప్తాను.

పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బస్సు డ్రైవరు అల్గిర్దాస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నిరుడు చెప్పుల ప్రకటనకి అందరికంటే గట్టిగా నవ్విందీ ఆయనే.

అమ్మమ్మని మొద్దు మీద కూర్చోబెట్టాం.

"గొంతు ఎలా ఉందమ్మమ్మా?" అంది రామునె.

"పోయింది. ఇక రాదులే. పోనీ, ఎవరికివ్వాలో వాళ్ళకే ఇచ్చాను." నా వైపు తిరిగింది. "మగాడు పాడితే గబియా అలుగుతుందనుకున్నాను. అలగలేదు. ఇక ప్రతి ఏడూ రావాలి నువ్వు. ఏ చుట్టరికంతో వస్తావో మీరిద్దరూ తేల్చుకోండి."

రామునె మొహం మంట వేడికి ఎర్రబడిందని నేననుకోవాలట. నేననుకోలేదు.

"నువ్వంటే నాకు ఇష్టం రామునె. స్టూడియోకి వచ్చి హంతకుడన్న రోజు నుంచే."

"నేను విల్నియస్ రాను."

"నేను స్టూడియో వదల్ను."

"మరి?"

"మధ్యలో బస్సుంది. అల్గిర్దాస్ ఉన్నాడు."

నవ్వేసింది. అంతలో జనంలోంచి ఎవరో, ఇంకొక్కసారి పాడమన్నారు. రామునె నా రెండు చేతులూ పట్టుకుంది.

"ఈసారి నా వంతు నువ్వు పాడు, నీది నేను పాడతాను."

"నీ వంతు నేనెప్పుడు నేర్చుకున్నాను?"

"ఇన్ని రోజులు ఎదురుగా నిలబడి విన్నావు. రాదా?"

రాదనే చెప్పబోయి నోరు తెరిచాను. మొదటి మాట నుంచి చివరిదాకా అంతా వచ్చింది.