పలకల షెడ్డులో ఏడుపు

తర్లుపాడు రోడ్డులో మూతపడిన పలకల షెడ్డు ఉందే, పొద్దుగూకితే ఆ పక్కకు ఎవరూ పోరు. పోవద్దని చెప్పేవాళ్లే గాని పోయి చూసినవాళ్లు లేరు. షెడ్డు వెనకాల గని గుంత. పలకరాయి కోసం తవ్వి తవ్వి వదిలేసినారు, నీళ్లు నిలిచిపోయినాయి. ఎప్పుడో ఒక కూలామె చంకలో బిడ్డతో అందులోకి జారిపోయిందంట. తల్లి తేలిందంట... బిడ్డ తేలలేదంట. ఆ బిడ్డ ఇప్పటికీ ఏడుస్తా ఉంటుందని చెప్పుకుంటారు. చెప్పుకోడమే. నా చెవులతో నేను విన్నా అన్నవాడు ఇన్నేళ్లలో ఒక్కడూ లేడు.

మొన్న జనవరిలో మాత్రం విన్నారు.

రాత్రి బస్సు దిగి నడిచొచ్చే శ్యాంసన్ విన్నాడు. మిరప కళ్లం కాపలాకు పోయినోళ్లు విన్నారు. సన్నగా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని ఏడ్చినట్టు — మనిషి అలికిడి కాగానే టక్కున ఆగిపోయేది. "వెనక్కి తిరిగి చూడలేదు, చెప్పులు కూడా అక్కడే వదిలేసి వచ్చినా" అని శ్యాంసన్ అందరికీ చెప్పినాడు.

పల్లెలో అసలే ఎవరి గుండె వాళ్ల చేతిలో లేదు. పది రోజులనించి టీవీలో ఒకటే వార్త. ఊరుగాని ఊళ్లో ఎవడో ఒక చిన్నపిల్లను పాడుచేసి చంపినాడు. ఆ పిల్ల చెప్పు, ఆ పిల్ల గౌను, ఆ తల్లి ఏడుపు — పొద్దున చూపించిందే మధ్యాన్నం, మధ్యాన్నం చూపించిందే రాత్రి. ఎర్రక్షరాలు, ఢాం ఢాం అని మ్యూజిక్కు. "మీ పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు?" అని యాంకరు వేలు చూపించి అరిస్తే, అన్నం తినే తల్లులు ఎంగిలి చేత్తోనే వీధిలోకి ఉరికేవాళ్లు. ఆ పని చేసినవాడు పక్కింటోడేనని, రోజూ ఆ ఇంట్లో కాఫీ తాగేవాడేనని కూడా చెప్పినారు... ఒక్కసారి చెప్పినారు. దానికి మ్యూజిక్కు వెయ్యలేదు, ఎవరికి గుర్తుంటుంది?

ఇంక ఫోన్లు. గోనెసంచీ వాళ్లు దిగినారంట, దర్శిలో ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుపోయినారంట, పామూరులో ముగ్గుర్నంట. చూసినవాడు ఎవడయ్యా అంటే ఎవడూ లేడు. పంపించినవాళ్లు మాత్రం అందరూ!

ఆ పల్లెలో స్టెల్లా అని ఒకామె. మొగుడు నిత్యానందం బెంగుళూరులో సెంట్రింగ్ పనికి పోయినాడు. తెల్లారి మిరప కోతకు పోతే చీకటి పడ్డాక వస్తుంది. రేకుల ఇల్లు, తలుపుకు గడియ కూడా సరిగ్గా పడదు. ఒక్కగానొక్క కూతురు కృప, తొమ్మిదేళ్లు. ఆ వార్త చూసినకాడనించి స్టెల్లాకు కంటిమీద కునుకు లేదు. గాలికి రేకు కదిలినా లేచి బిడ్డను తడుముకునేది.

వీధి మొత్తంలో ఇనుప గేటున్న డాబా ఒక్కటే, ఇమ్మానుయేలుది. నిత్యానందానికి సొంత అన్న, స్టెల్లాకు బావ. వాట్సాప్ గ్రూపు నడిపేది ఆయనే, ఆ వార్తలన్నీ పెట్టేది ఆయనే, కర్ర పట్టుకొని గస్తీ తిరిగేది ఆయనే. "ఆడోళ్లు ఒంటరిగా ఉండే ఇండ్లు... పిల్లల్ని రాత్రిపూట మా డాబాలో పండుకోబెట్టండి. గేటుకు తాళం నేనేస్తా" అన్నాడు. ఆయన పెళ్లాం కూతురి కాన్పుకని గిద్దలూరు పోయి ఉంది. అయినా తల్లులు ఎంత సంతోషపడినారని! ఆరుగురు పిల్లలు దుప్పట్లు చంకన పెట్టుకొని పోయినారు.

మూడోనాటికి కృప మొరాయించింది.

"నేను పోనమ్మా."

"ఏందే? ఏమైంది?"

పిల్ల నేల చూసింది. "నీ కాడే పండుకుంటా..."

స్టెల్లాకు ఒళ్లు మండింది. పొద్దంతా వంగి కోసిన నడుము, పైగా ఈ భయం. ఫెడీమని ఒక్కటిచ్చి, జుట్టు పట్టుకొని టీవీ ముందర నిలబెట్టింది. "చూడు! కండ్లు తెరిచి చూడు! నీకూ అట్ల కావాల్నా?" కృప దుప్పటి తీసుకొని తనే నడిచి పోయింది. కొట్టినందుకు స్టెల్లా ఆ రాత్రంతా ఏడ్చింది గాని, తెల్లారి మళ్లీ పంపించింది.

తొమ్మిదో రాత్రి చలి ఎక్కువగా ఉందని స్వెట్టరు తీసుకొని తనే డాబాకు పోయింది. అయిదుగురు పిల్లలున్నారు. ఆరో దుప్పటి ఖాళీ.

"నా బిడ్డా!" అని పెట్టిన కేకకు వీధి వీధంతా లేచింది.

ఇమ్మానుయేలు చేసిన మొదటి పని ఫోను తియ్యడం. 'మన పల్లెలో కిడ్నాప్' అని గ్రూపులో పెట్టినాడు. అయిదు నిమిషాల్లో నలభై మంది, కర్రలు, గడ్డపారలు, టార్చిలైట్లు. ఎవరో అన్నారు — "షెడ్డు... ఆ ఏడుపు దెయ్యానిది కాదురా! పిల్లల్ని ఎత్తుకొచ్చి అక్కడ దాస్తున్నారు!"

అంతే, ఉరికినారు. అందరికంటే ముందు స్టెల్లా. ఇమ్మానుయేలు బండి మీద వచ్చినాడు గాని రోడ్డు దిగలేదు. "మీరు పోండి, వాడు ఇటు పారిపోకుండా నేను కాస్తా" అన్నాడు.

షెడ్డు ముందర అందరి కాళ్లూ ఆగిపోయినాయి.

లోపల చీకటి... చీకట్లో ఏదో కదిలింది. గడపలోకి వచ్చింది. తలకాయ నించి పాదాల దాకా బూడిద రంగు — జుట్టు, రెప్పలు, పెదాలు అన్నీ. భుజాన గోనెసంచీ.

"దె...దెయ్యం!" వెనకున్నవాళ్లు పరిగెత్తబోయినారు.

అప్పుడు అది దగ్గింది. గొంతులో దుమ్ము పట్టినవాడు దగ్గే దగ్గు.

"మనిషేరో! సంచీ చూడు, సంచీ!"

మొదటి దెబ్బ స్టెల్లాదే. మోకాలి మీద పడింది, మనిషి కూలబడినాడు. "అమ్మా... పాప... పాప లోపల..." అన్నాడు. "వాడే ఒప్పుకుంటున్నాడు!" అని ఒకడు అరిచినాడు. ఇంక ఆగుతారా? నలభై మంది, ఒక్క మనిషి. అడ్డం పెట్టుకున్న చెయ్యి పుటుక్కుమనడం అందరికీ వినపడింది. వినపడినాక ఇంకా కొట్టినారు. "యా అల్లా, లోపలుంది... బిడ్డ లోపలుంది" అని ఆయన చెప్పే కొద్దీ కొట్టినారు. కొట్టనివాళ్లు ఫోన్లు పైకెత్తినారు. "పిల్లల దొంగ దొరికినాడు, అందరూ షేర్ చేయండి!" పలకల దుమ్ములో నెత్తురు పడి బురదైంది.

అప్పుడు వినిపించింది. షెడ్డు లోపలినించి... ఏడుపు.

కర్రలు గాల్లోనే ఆగిపోయినాయి. ఒక్కరూ అడుగు వెయ్యలేదు. స్టెల్లా టార్చి తీసుకొని లోపలికి పోయింది.

పగిలిన పలకల కుప్ప వెనకాల, మోకాళ్లు కడుపులోకి ముడుచుకొని కృప. ఒంటిమీద ముసలోళ్లు కప్పుకునే కంబళి, చేతిలో సగం తిన్న బన్ను.

"తాతను కొట్టొద్దమ్మా..."

"ఏం చేసినాడే నిన్ను? చెప్పు, ఏం చేసినాడు?"

"బన్నిచ్చినాడు. మీ ఇంటికి తోలుకుపోతా అన్నాడు. నేను రానన్నా. మీ అమ్మను పిల్చుకొస్తా, ఈడే ఉండు అని పోయినాడు."

బయట శ్యాంసన్ టార్చి వేసి ఆ మొహం తుడిచి చూసినాడు. "ఓరి దేవుడా, దస్తగిరి తాత రా ఈయన!" పలక ముక్కలు ఏరుకొని మార్కాపురంలో అమ్ముకునే ముసలాయన. సైకిలు పంచరై, చీకటి పడి, అక్కడే ఆగిపోయినాడు. ఏడుపు విని పరిగెత్తనివాడు ఆయనొక్కడే.

లోపల స్టెల్లా బిడ్డ మొహం రెండు చేతుల్లో పట్టుకుంది. "మరి ఈడికి నిన్ను ఎవరు తెచ్చినారు?"

"ఎవరూ తేలేదు. రోజూ వస్తా. ఆయన మా గదిలోకి రాకముందే... గోడ దూకి. తెల్లారేసరికి పోతా."

"రోజూనా! ఈడ దెయ్యముందని తెలీదా నీకు?"

కృప ఆమె చెవి దగ్గరికి వచ్చింది. గొంతు వినీ వినపడనట్టు...

"అందుకేనమ్మా. ఈడికైతే పెదనాయన రాడు."

స్టెల్లాకు అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చినాయి. పోనమ్మా అన్నది, నేల చూసింది, తను కొట్టింది, జుట్టు పట్టుకొని టీవీ చూపించింది... తన చేత్తో తనే పంపించింది.

రోడ్డు మీదనించి ఇమ్మానుయేలు కేకేసినాడు. "స్టెల్లా! పాప దొరికిందా? దాన్ని ఇటు పంపించు, ఇంటికి తీసుకుపోతా!"

కృప గోళ్లు ఆమె భుజంలోకి దిగినాయి.

స్టెల్లా బిడ్డను ఎత్తుకొని బయటికి వచ్చింది. జనం తప్పుకున్నారు. ఆమెను చూడగానే దస్తగిరి, విరగని చెయ్యి ఎత్తి తలకు అడ్డం పెట్టుకున్నాడు. ఆమె ఆయన ముందర మోకాళ్ల మీద కూలబడింది. బిడ్డను ఆయన పక్కన కూచోబెట్టింది.

"తాతా... నా బిడ్డను చూస్తా ఉండు" అంది.

కింద పడున్న కర్ర తీసుకొని, రోడ్డు వైపు నడిచింది.