పన్నెండు గదుల నివాసం

సోమవారం సాయంత్రం ఆరింటికి అది పన్నెండు గదుల లాడ్జి. మంగళవారం ఉదయం తొమ్మిదికల్లా లాడ్జి మాయం. బోర్డు లేదు, గదులకు నంబర్లు లేవు. మేడ మీద పరాయి దేశపు జెండా. గేటుకు "రాయబారి నివాసం" అన్న ఇత్తడి ఫలకం.

జప్తుకొచ్చిన కోర్టు అమీనా గేటు బయటే ఆగిపోయాడు.

అతని వెనక కాంట్రాక్టరమ్మ. ఆ దేశానికి వంతెన కట్టిచ్చి మోసపోయింది. ఆర్బిట్రేషన్‌లో గెలిచి ఆరేళ్లయినా చేతికి చిల్లిగవ్వ రాలేదు. ఆ దేశానికి ఇక్కడ దొరికిన ఆస్తి ఈ మేడ ఒక్కటే. వ్యాపారానికి వాడుతుంటే జప్తు చేయొచ్చు. రాయబారి కాపురముంటే గడప కూడా తాకకూడదు. ఇది చేజారితే తాకట్టులో ఉన్న ఆమె ఇల్లు పోతుంది.

ఆమె పెట్టుకున్న డిటెక్టివ్‌ను ఎగవేతదార్లు జలగ అంటారు. ఆవిడకు ఆ పేరంటే ముచ్చట.

"లోపలికి రావచ్చా?" అంది జలగ.

"రాయబారిగారే రమ్మన్నారు," అన్నాడు రాయబారి సెక్రటరీ. "కళ్లారా చూసుకుని పొండి. మళ్లీ ఈ వీధిలో కనబడొద్దు."

10.20. వంటగది. నిన్న లాడ్జి కౌంటర్లో కూర్చున్న మనిషి ఇవాళ ఏప్రన్ కట్టుకున్నాడు.

"ఎన్నాళ్లుగా వండుతున్నావ్?" అంది జలగ.

"మూడేళ్లు."

"ఉప్పెక్కడ?"

మూడు అలమారలు వెతికాడు. దొరకలేదు.

"ఉప్పు లేదని జప్తు చేస్తారా?" అన్నాడు సెక్రటరీ.

ముందు నడుస్తూ ఒక్కో గది తలుపు గోడకానేలా బార్లా తెరిచాడు. పదకొండు గదులయ్యాయి. అమీనా పెదవి విరిచాడు.

పన్నెండో గదిలోకి అందరూ వచ్చాక జలగ తలుపు మూసింది.

"తలుపులు తెరిచిపెట్టుకుని ఆనవాళ్లన్నీ పీకేశారు. తెరిచే మాకు చూపించారు. తలుపు వెనక చూడాలని ఎవరికీ తోచలేదు."

తలుపు లోపలివైపు అట్ట. గది ఖాళీ చేయవలసిన సమయం: ఉదయం 11.

"రాయబారిగారిని రోజూ పదకొండింటికి ఖాళీ చేయిస్తున్నారా?"

సెక్రటరీ మొహం మాడింది. "అదేదో ఏళ్లనాటిది."

"కింద అద్దెలున్నాయి, చదవండి. ఈ నెల ఒకటి నుంచి అమలు."

అమీనా పన్నెండు తలుపులూ మూసి ఫోటోలు తీశాడు. మధ్యాహ్నం మూడింటికి జడ్జి జప్తు ఖాయం చేశాడు. అయిదింటికి మళ్లీ గేటు దగ్గరకు చేరారు.

"ఒక దేశాన్ని వీధికీడుస్తారా?" సెక్రటరీ పళ్లు కొరికాడు.

"ఆరేళ్లు నన్ను మీ గేటు బయట నిలబెట్టారు," అంది కాంట్రాక్టరమ్మ. ఆమెకు జాలి కలగలేదు. "జరగండి. అమీనాగారు సీలు వెయ్యాలి."