యూనిట్: అడుగు

"కోటేష్ గారూ, వరదల గోదావరిని మేకలు దాటుతయా?"

తడిసిన గొడుగును తలుపు పక్కన ఆనిస్తూ సోని వేసిన మొదటి ప్రశ్న అది. కోటేష్ చేతిలోని ఛాయ్ గ్లాసు నోటిదాకా వెళ్ళకుండానే ఆగిపోయింది.

"పొద్దుపొద్దున మేకలతోటి ఏం పనొచ్చింది మేడమ్?"

"మీరు టైపు కొట్టిన పేజీ చూడుండ్రి. భద్రాచలంల వరద రోజు నీటిమట్టం పద్నాలుగు పాయింట్ ఆరు మూడు. యూనిట్, ఫీట్! గన్నే నీళ్ళకు ఎవలన్న ఊరు ఖాళీ చేస్తరా? అది మీటర్లు. నలభై ఎనిమిది అడుగులు!"

ఖమ్మంలో జిరాక్స్ షాపు పైన చిన్న ఆఫీసు వాళ్ళది. రెండు వేల ఏడు జులై. నది మట్టం కొలిచే పరికరాల నుంచి అంకెలు చదివే సి లైబ్రరీ, అంటే ఫంక్షన్లనే చిన్న చిన్న ప్రోగ్రాముల కట్ట, అక్కడ తయారవుతుంది. ఏ ఫంక్షన్‌కు ఏమివ్వాలో, అది ఏం తిరిగిస్తుందో చెప్పే రిఫరెన్స్ పుస్తకాన్ని మాత్రం మూడేళ్ళుగా ఎవరూ ముట్టలేదు. కోడ్ ఎంతో దూరం పోయింది, పుస్తకం ఉన్నచోటే కూలబడింది. శనివారానికి దాన్ని సరిచేసి సీడీలోకి ఎక్కించాలి. సోమవారం సోని హైదరాబాదులో కొత్త ఉద్యోగంలో చేరాలి.

ఆ సోమవారం తలపుకొస్తే కోటేష్‌కు ఛాయ్ చేదెక్కేది. ఆ సంగతి ఛాయ్‌కి తప్ప ఎవరికీ తెలియదు.

"నువ్వే... మీరే రాసిన్రు కదా!" అంటూ అతను పాత డ్రాఫ్టు తీశాడు. యూనిట్ అన్నచోట పెన్సిల్‌తో, సోని గుండ్రటి అక్షరాల్లో ఒకే మాట: అడుగు. "అడుగంటే ఫీటే కదా? పదకొండు పేజీలల్ల గట్లనే కొట్టిన."

సోని నెత్తి కొట్టుకుంది.

"అయ్యో రామా! కోడ్‌ల యూనిట్ లేదు, సీతయ్య సార్‌ను అడుగు అన్నట్టు రాసిన!"

సీతయ్య సార్ ఈ లైబ్రరీ మొదలుపెట్టిన మనిషి. రెండేళ్ళ కింద ఉద్యోగం మానేసి, కాగితమ్ముక్కయినా రాసిపెట్టకుండా భద్రాచలం వెళ్ళిపోయాడు.

"అన్నీ మీటర్లని మార్చేస్తే ఒడిసిపాయె," అన్నాడు కోటేష్.

"అన్నీ మీటర్లని ఎవలు చెప్పిన్రు? అంచనాకు రాసుడు నాతోని కాదు. రేపు ఫస్ట్ బస్సుకు పోదాం."

"ఇంత వానల?"

"భయమైతే నా గొడుగున్నది."

భద్రాచలంలో సీతయ్య సార్ తన ఇంటి వసారాలో కూర్చోబెట్టి పదకొండు ఫంక్షన్లూ చూశాడు. ఏడింటికి మీటర్లు, నాలుగింటికి అడుగులు. సోని తనవైపు చూసిన చూపుకు కోటేష్ తల దించుకున్నాడు. వాళ్ళు లేచేటప్పుడు సార్ గొంతు తగ్గింది.

"పోయేటోడు రాసిపెట్టి పోవాలె బిడ్డా. నేను పోయిన. ఉన్నోళ్ళు ఎంత తిప్పలు పడ్డరో ఇయ్యాల ఎరుకైంది."

ఆ మాట కోటేష్ వెంటే బస్సెక్కింది. రెండు పక్కలా అడవి, సగమే దిగిన అద్దంలోంచి జల్లు. కొసరి కొసరి సోని చెంప తడుపుతున్న వానను చూస్తే అతనికి అసూయ వేసింది.

"ఒక్క మాట," అన్నాడు. "నన్నెప్పుడు మీరు అనే అంటరు. అడగమనాలంటే అడగండి అని రాస్తరనుకున్న. అందుకే ఫీట్ అనుకున్న."

సోని కిటికీ వైపు తిరిగింది. "మనసుల ఎట్లుంటే చెయ్యి గట్లనే రాస్తది." వెంటనే గొంతు పెంచి, "టికెట్లు జాగ్రత్తగ పెట్టినవా?" అంది.

పెట్టిన్రా అనలేదు. ఎగిరింది గతుకులో బస్సో, తన గుండెనో కోటేష్‌కు అర్థం కాలేదు. శనివారం లోపల చెప్పి తీరాలని మాత్రం గట్టిగా అనుకున్నాడు.

అనుకున్నంత సులువా! శుక్రవారమంతా నాలుక మొండికేసింది. శనివారం సాయంత్రం నాలుగింటికి సోని చివరి పేజీ సరిచూసి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది.

"ఇంకో పేజీ ఉన్నది," అని కోటేష్ కాగితం చాపాడు.

పేరు: కోటేష్.
ఇవ్వాల్సింది: ఒక్క మాట.
తిరిగిచ్చేది: జీవితమంతా.
ఎప్పుడు తప్పుతుంది: ఆ మాట అందకుండా సోమవారం వస్తే.
యూనిట్: తెలియదు.

సోని రెండుసార్లు చదివింది. పెదవి కొరుక్కుంటూ పెన్సిల్ తీసి, యూనిట్ ఎదురుగా రాసింది: అడుగు.

ఈసారి కోటేష్ తప్పు చదవలేదు.

"సోనీ, నన్ను చేసుకుంటవా?"

"అవ్. రేపు మా తండాకొచ్చి బాపును గూడ అడుగు. తొమ్మిదింటికి బస్సున్నది."

"మరి సోమవారం హైదరాబాద్ పోవా?"

"ఎందుకు పోను? పోత." ఆమె ఆ పేజీని మడిచి అతని జేబులో పెట్టింది. "రాసిపెట్టి పోతున్న కదా."