టైర్ల కంపెనీ గొడుగు

ఇన్సూరెన్స్ ఆఫీసులో దొంగ క్లెయిములు పట్టుకోవడం నా పని. పగిలిన అద్దం ఫోటో చూపిస్తే చాలు, అది పగిలిందో పగలగొట్టారో చెప్పేస్తాను. అందుకే అక్కడ నన్ను డేగ అంటారు. ఆ డేగ ఒక గొడుగుల కొట్లో బోర్లా పడింది.

ఒక సాయంత్రం వానకి తడిసి ముద్దయి, ఆఫీసు పక్క వీధిలో ఉన్న ఆ కొట్లో దూరాను. కౌంటర్ వెనక ఒకమ్మాయి విరిగిన గొడుగు ఊచకి తీగ చుడుతోంది. తలెత్తి నన్ను చూసింది, తర్వాత నేలను చూసింది.

"అక్కడే ఆగండి. ఇప్పుడే తుడిచాను."

"గొడుగు కొనడానికొచ్చానండీ."

"పూర్తిగా తడిశాక కొనేవాళ్ళని ఇదే చూడటం."

అంతే, నా పని అయిపోయింది. ఆ రోజు నుంచి వాన పడినా పడకపోయినా నాకు గొడుగు అవసరం పడుతూనే ఉంది. ఇంట్లో ఉండేది అమ్మా నేనూ. తలుపు వెనక గొడుగుల గుట్ట చూసి అమ్మ, "మీ ఆఫీసులో జీతం బదులు ఇవిస్తున్నారా?" అని అడిగింది.

చిన్న గొడుగుల రకాలన్నీ అయిపోయాక, బాల్కనీలో వేసుకునే పెద్ద గొడుగు కొన్నాను. మాకు బాల్కనీ లేదు. ఎప్పుడూ నోట్లిచ్చేవాణ్ణి, ఆ రోజు జేబులో అంత లేక కార్డు తీశాను. ఆమె ధర చెప్పింది. చెబుతున్నప్పుడు ఆమె బుగ్గ మీద సొట్ట పడింది. నేను దాన్ని చూస్తూ ధర వినలేదు. మెషీన్‌కి కార్డు తాకించి, రసీదు కూడా తీసుకోకుండా గొడుగు భుజానేసుకుని వచ్చేశాను.

నెలాఖరుకి కార్డు స్టేట్‌మెంట్ వచ్చింది. అందులో ఒక పెద్ద మొత్తం, దాని పక్కన ఏదో టైర్ల కంపెనీ పేరు. నాకు సైకిల్ కూడా లేదు. డేగకి పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాడే బ్యాంకుకి వెళ్ళాను.

అక్కడ ఇలాంటి ఫిర్యాదులు చూసే మేడమ్ అంతా విని, "ముందు ఆ వ్యాపారితో మాట్లాడారా?" అంది.

"దొంగతో మాట్లాడేదేముందండీ?"

"ఒక్కోసారి కొట్టు మీద ఒక పేరు, స్టేట్‌మెంట్‌లో ఇంకో పేరు ఉంటుంది. బాగా గుర్తు చేసుకోండి."

"నేను చేసే ఉద్యోగమే ఇది మేడమ్" అన్నాను దర్జాగా.

ఆమె నిట్టూర్చి పద్ధతి చెప్పింది. పాత కార్డు ఆపేసి కొత్తది పంపిస్తారు. ప్రస్తుతానికి ఆ మొత్తం నా ఖాతాలో వేస్తారు. అవతలి బ్యాంకు ఆ వ్యాపారిని సాక్ష్యం అడుగుతుంది. అతను చూపించగలిగితే డబ్బు మళ్ళీ అతనికే పోతుంది. దొంగ దగ్గర సాక్ష్యం ఏముంటుందిలే అని ఈల వేసుకుంటూ బయటికొచ్చాను.

కొన్నాళ్ళకి కొట్టుకి వెళ్తే ఆమె ముఖం వాడిపోయి ఉంది. ఏమైందని అడిగాను.

"ఎవరో మహానుభావుడు మా దగ్గర కొని, కొనలేదని బ్యాంకులో చెప్పాడట. డబ్బు వెనక్కి లాగేసి పైన జరిమానా వేశారు. నాన్న మెషీన్ తిరిగిచ్చేస్తానంటున్నారు. వానాకాలంలో కార్డు తీసుకోకపోతే సగం మంది గుమ్మంలోంచే పోతారండీ. ఆయనతో పోట్లాడి మరీ పెట్టించాను దీన్ని."

"అలాంటివాళ్ళకి సిగ్గుండదు. కొనేటప్పుడు కళ్ళెక్కడ పెట్టుకుంటారో" అన్నాను. సాక్షాత్తూ నేనే అన్నాను.

ఆమెకి ధైర్యం చెబుదామని నా ప్రతాపం మొదలుపెట్టాను. "నా కార్డు మీద కూడా ఎవడో టైర్లవాడు చెయ్యి వేశాడండీ. వదల్లేదు. వాడి దగ్గర్నుంచి డబ్బు లాగించేశాను."

గొడుగు మూస్తున్న ఆమె చేయి ఆగిపోయింది. "ఏ కంపెనీ?"

చెప్పాను. తేదీ అడిగితే అదీ చెప్పాను. ఆమె నన్ను చాలాసేపు చూసింది. అది మెచ్చుకోలనుకున్నాను.

"అస్సలు వదలకండి" అంది.

కాలరెగరేసుకుంటూ ఇంటికెళ్ళాను.

తర్వాత బ్యాంకు మేడమ్ పిలిచి, అవతలి బ్యాంకు నుంచి వచ్చిన కాయితాలు నా ముందు పెట్టింది. గొడుగుల కొట్టు యజమాని ఒకప్పుడు టైర్లమ్మేవాడట. వ్యాపారం మార్చాడు కానీ బ్యాంకులో పాత పేరు అలాగే ఉంచేశాడు. మెషీన్ కూడా ఆ పేరు మీదే తీసుకున్నారు. కింద పెద్ద గొడుగు బిల్లు, దాని కింద కొట్లోని కెమెరా తీసిన ఫోటో ఉన్నాయి.

ఫోటోలో నేనున్నాను. చేయి మెషీన్ మీద ఉంది. కళ్ళు కౌంటర్ అవతలి అమ్మాయి మీద ఉన్నాయి. నోరు తెరుచుకుని ఉంది.

"అంకెలు పెద్దగానే కనిపిస్తాయి బాబూ" అంది మేడమ్. "అటు చూడాలి మరి."

తల కొట్టేసినట్టయింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని అక్కడే రాసిచ్చాను. కానీ కొట్లో అమ్మాయి నన్ను మోసగాడనుకుని ఉంటుంది. బయట వాన దంచుతోంది. గొడుగులన్నీ ఇంట్లో ఉన్నాయి కాబట్టి తడుస్తూనే వెళ్ళాను.

కొట్లో ఆమెతో పాటు వాళ్ళ నాన్న కూడా ఉన్నాడు.

"దొంగ దొరికాడా?" అంది ఆమె.

"దొరికాడండీ. మీ ముందే నిలబడ్డాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను, జరిమానా నేనే కడతాను. మెషీన్ మాత్రం ఇచ్చెయ్యకండి." ఆగలేక అడిగాను. "ఆ రోజే చెప్పొచ్చుగా?"

"మిమ్మల్ని మీరే అంత బాగా తిట్టుకుంటుంటే ఆపబుద్ధి కాలేదు."

వాళ్ళ నాన్న గొంతు సవరించుకున్నాడు. "పేరు మార్పించమని మా అమ్మాయి పోరుతూనే ఉంది. టైర్ల పేరు తీసెయ్యడానికి నాకే మనసొప్పలేదు. తప్పు నాదీ ఉంది, మెషీన్ ఎక్కడికీ పోదులే. కానీ బాబూ, ఇన్ని గొడుగులు ఏం చేసుకుంటావు?"



"మిగతా రోజుల కెమెరా కూడా చూశాను నాన్నా" అంది ఆమె. "ఈయన ఒక్కరోజు కూడా గొడుగు వైపు చూడలేదు."

ఇక దాచేదేముంది? "నాకు గొడుగులక్కర్లేదండీ. మీ అమ్మాయంటే ఇష్టం. ఆ మాట చెప్పే ధైర్యం లేక కొంటూ పోయాను."

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె తుడిచిన కౌంటర్‌నే మళ్ళీ తుడుస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఒకసారి మీ ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకురా" అన్నాడాయన. "రేపు ఆ ఇష్టమన్న మాట అననే లేదని మళ్ళీ బ్యాంకుకి పోవుగా?"

"పోనండీ."

"పోయినా గెలవరు" అంది ఆమె, తలెత్తకుండానే. "నా దగ్గర ఫోటోలున్నాయి."