పుట్టింటి తెరలు

ఆదివారం ఉదయం. గ్లెండేల్‌లో కొండవైపున్న ఆ ఇంటి వంటగదిలో జాబెల్ కాఫీ పొంగిపోకుండా కనిపెట్టుకుని నిలబడింది. బల్ల మీద పలచటి లవాష్ రొట్టెలు, జున్ను, నల్ల ఆలివ్‌లు సర్ది ఉన్నాయి. మామగారు వార్ట్‌కెస్ టెర్జియన్ పేపరు మడిచి పక్కన పెట్టి, కోడలి వైపు చూసి నవ్వారు.

"ఏమ్మాయ్, ఆలోచించావా?"

"ఆలోచిస్తున్నాను మామయ్యా."

"ఇంకా ఏం ఆలోచన తల్లీ! మధ్యాహ్నం మీ నాన్నగారింట్లోనే భోజనం. అక్కడే మాట చెప్పేద్దాం. నువ్వు కొందామంటే కొందాం, వద్దంటే వద్దు. ఇన్నేళ్లుగా కంపెనీ లెక్కలు చూస్తున్నది నువ్వు. అమ్మేవాళ్లు మీవాళ్లు. నీకంటే ఎవరికి తెలుసు?"

జాబెల్ కాఫీ కప్పులో పోసి ఆయన ముందు పెట్టింది.

బర్బ్యాంక్‌లో మామగారు సొంతంగా నిలబెట్టిన సినిమా స్టూడియో చిన్నదే. ఏడాదికి అరడజను దయ్యాల సినిమాలు తీస్తుంది. పెద్ద థియేటర్ల వాళ్లు వాటిని వారం ఆడించి, పెద్ద కంపెనీల సినిమా రాగానే తీసి పారేస్తారు. ఆ అవమానం మామగారికి ఎప్పటికీ మానని పుండు. ఇక ఫ్రెస్నో చుట్టుపక్కల ఊళ్లలో మెలికియన్ థియేటర్లు జాబెల్ తండ్రి గార్బిస్ కట్టినవి. జనం ఇళ్లలోనే సినిమాలు చూడటం మరిగాక అవి ఒక్కొక్కటే వెలవెలబోయాయి. సొంత తెరలుంటే తన సినిమాను ఎవడు దించేస్తాడో చూద్దామని మామగారి పట్టుదల. దాంతోపాటు కోడలి పుట్టింటిని ఆదుకున్నట్లూ అవుతుందని ఆయన సంబరం.

ఆ సంబరమే జాబెల్‌కు ఊపిరాడనివ్వడం లేదు. ఆ థియేటర్లు కొనాలంటే స్టూడియో స్థలాన్ని తాకట్టు పెట్టాలి. కొన్నాక నష్టం ఆగదని ఆమెకు తెలుసు. ఔనంటే మెట్టినిల్లు మునుగుతుంది. కాదంటే ఆ థియేటర్లు మూతపడి, ఎనభై దాటిన తండ్రి పేరు ఆ గోడల మీద నుంచి చెరిగిపోతుంది.

భర్త హైగ్ బట్టలు వేసుకుంటూ, "నీ ఇష్టం జాబెల్, నువ్వేమన్నా నేను నీ వైపే" అన్నాడు.

"అందరూ నా ఇష్టమే అంటున్నారు. ఒక్కరైనా వాళ్ల ఇష్టం చెప్పరేం?" అని ఆమె విసుక్కుంది. అతను బిక్కమొహం వేసి కారు తాళాల కోసం వెతుక్కోసాగాడు.

బయలుదేరుతుండగా ఫోన్ మోగింది. తమ్ముడు కేగామ్.

"అక్కా, ఇవాళ ఔనని చెప్పెయ్. అంతే. ఇంకేం మాట్లాడకు."

"అది నీకు తేలిగ్గానే ఉంటుందిరా. ఇక్కడ మునిగేది మేము."

"మేమా? ఎప్పటినుంచి? సరేలే, మీ స్టూడియోలో ఒక దయ్యం సినిమాకు పెట్టే ఖర్చంత కూడా కాదు అది! ఒక్కసారి మా మొహం చూడవే. నీ కాళ్లు పట్టుకుంటాను."

ఫోన్ పెట్టేశాక ఆమెకు మండుకొచ్చింది. మోయలేని బరువు తెచ్చి తన నెత్తిన పెడుతున్నాడు, పైగా దెప్పుతున్నాడు అనుకుంది. కొండలు దాటి లోయలోకి దిగేదాకా కారులో మామగారు ఉత్సాహంగా మాట్లాడుతూనే ఉన్నారు. ఏ ఊళ్లో ఏ సినిమా ముందు వెయ్యాలి, ముందు వరసల్లో ఎలాంటి కుర్చీలు పెట్టాలి అని. ఆమె కిటికీ అద్దానికి తల ఆనించి, నిద్రపోతున్నట్లు కళ్లు మూసుకుంది.

ఫ్రెస్నో ఇంట్లో గార్బిస్ వియ్యంకుణ్ణి కౌగలించుకుని, "రండి బావగారూ, ద్రాక్షాకుల్లో అన్నం చుట్టిన పొట్లాలు వేడిగా ఉన్నాయి, ముందు తినండి, తర్వాత వ్యాపారం" అన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. ఆదివారం మొదటి ఆటకు థియేటర్ గుమ్మంలో నిలబడి జనాన్ని పలకరించడం ఆయనకు ఇప్పటికీ అలవాటే. ఇవాళ వీళ్ల కోసం మానుకున్నాడు. కేగామ్ ఒక మూల నిలబడి మాంసం ముక్కలు చువ్వలకు గుచ్చుతున్నాడు. అక్క వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

భోజనాలు సగంలో ఉండగానే మామగారు ఆగలేకపోయారు. "బావగారూ, నిర్ణయం కోడలికి వదిలేశాను. చెప్పమ్మా."

నలుగురు మగవాళ్లు తన నోటి వంక చూస్తున్నారు. లేచి వెళ్దామంటే ఎక్కడికి వెళ్లాలి? ఇటు పుట్టిల్లు, అటు మెట్టిల్లు. ఆమె నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టింది.

"వద్దు మామయ్యా. కొనకూడదు."

ఆమె గబగబా చెప్పుకుపోయింది. "మనం తీసే అరడజను సినిమాలతో అన్ని తెరలు నిండవు. మిగతా రోజులకు పెద్ద కంపెనీల సినిమాలే కావాలి. మనం వాళ్లకు పోటీ అయ్యాక వాళ్లు మంచివి మనకెందుకిస్తారు? మన సినిమా ఎవరూ దించేయరు, నిజమే. కానీ ఖాళీ కుర్చీల ముందు ఎన్నాళ్లు ఆడిస్తే ఏం లాభం? స్టూడియో కూడా పోతుంది. అక్కడ పనిచేసేవాళ్లు రోడ్డున పడతారు. నాన్నా, నన్ను క్షమించండి."

"భలే!" కేగామ్ చేతిలో చువ్వను పళ్లెంలో విసిరేశాడు. "గ్లెండేల్ కోడలిగారు తీర్పు చెప్పేశారు. సొంతవాళ్లను ముంచడానికి ఇంత దూరం రావాలా? ఫోన్‌లో చెబితే పోయేదిగా!"

"నోరుమూయ్" అన్నాడు గార్బిస్. గొంతు పెంచకుండానే అన్నాడు. తర్వాత కూతురి తల మీద చెయ్యి వేశాడు. "నువ్వు ఔనంటావేమోనని పొద్దుటినుంచీ భయపడి చస్తున్నానమ్మా. బావగారూ, మీరు కొన్నాక నష్టమొస్తే నా బిడ్డ మీ ఇంట్లో తలెత్తుకుని తిరగగలదా?"

"నేనలాంటివాణ్ణా?" అన్నారు వార్ట్‌కెస్. ఆయన మొహం వాడిపోయింది. "కోడలికి ఏదో ఇవ్వాలనుకున్నాను. ఇన్నేళ్లూ నా ఇంటికి చాకిరీ చేసింది. దాని మెడకు ఉరి బిగిస్తున్నానని తోచలేదు."

"పోనీలెండి" అన్నాడు గార్బిస్. "థియేటర్లకేం ఫరవాలేదు. నా తర్వాత కేగామ్ ఉన్నాడు. వాడే నడుపుకుంటాడు."

కేగామ్ నవ్వాడు. అది నవ్వులా లేదు.

"నడుపుకుంటాడు! నన్నెవరైనా ఒక్కసారి అడిగారా నాన్నా? కాలేజీలో చేరే ముందు మీకు గుండెపోటొచ్చింది. 'ఈ ఒక్క వేసవికి చూసుకోరా' అన్నారు. ఆ వేసవి ఇంకా అవలేదు. ఊరంతా సెలవు చేసుకునే రోజే మనకు పని. ప్రతి శుక్రవారం సాయంత్రం, ప్రతి క్రిస్మస్ గుమ్మం దగ్గర నిలబడ్డాను. పండగ రోజైనా ఇంట్లో లేనివాడితో కాపురమేంటని నా పెళ్లాం వెళ్లిపోయింది. దానిదేం తప్పు?"

"కేగామ్..." అంది జాబెల్.

"నువ్వు మాట్లాడకు. పెళ్లి చేసుకుని దర్జాగా వెళ్లిపోయావు. నేనెట్లా వెళ్లను? బయటివాళ్లకు అమ్మితే నాన్న పేరు తుడిచేసినవాణ్ణి. మూసేస్తే చేతకానివాణ్ణి. మీ మామగారు కొంటే ఆ తాళాలు పరువుగా ఆయన చేతిలో పెట్టి బయటపడొచ్చనుకున్నాను. ఉన్నదొక్కటే తలుపు. దాన్ని నువ్వు మూసేశావు."

కుర్చీ వెనక్కి తోసి పెరట్లోకి వెళ్లిపోయాడు.

జాబెల్ కూర్చున్నచోటే ఉండిపోయింది. పొద్దున ఫోన్‌లో వాడు కాళ్లు పట్టుకుంటానన్నది తండ్రి ఆస్తి నిలబెట్టడానికనుకుంది. తనను బయటికి లాగమని అడిగాడు వాడు. తను మామగారింట్లో ఊపిరాడక తిరిగింది కొన్ని వారాలు. వాడు ఏళ్ల తరబడి అలాగే బతికాడు. పండక్కి వాడు రాలేదని తను ఎన్నిసార్లు ఎత్తిపొడిచింది! వాడెందుకు రాలేదో ఒక్కసారి అడగలేదు.

గార్బిస్ తన పళ్లెం పక్కకు జరిపాడు. "వాడికి ఇష్టమనుకున్నానమ్మా" అన్నాడు. "ఎప్పుడూ నవ్వుతూ నిలబడేవాడు."

"టికెట్టు కొన్నవాళ్ల ముందు నవ్వాలని మీరేగా నేర్పారు నాన్నా."

ఆమె లేచి పెరట్లోకి వెళ్లింది. కేగామ్ ద్రాక్ష పందిరి కింద తిరగేసిన పెట్టె మీద కూర్చుని, చొక్కా చేతితో మొహం తుడుచుకుంటున్నాడు. నలభై అయిదేళ్ల మనిషి, జుట్టు సగం నెరిసింది. జాబెల్ అతని పక్కనే నేల మీద చతికిలపడింది.

"నీ మంచి గౌను పాడవుతుంది. లే" అన్నాడు వాడు, ఏడుస్తూనే.

"పాడవనీ. ఒరేయ్, నేను వద్దన్నది థియేటర్లను. నిన్ను కాదు. నాకు తెలియదురా."

"చెబితే ఏం చేసేదానివి?"

"ఏమో. కనీసం వచ్చి నీ పక్కన నిలబడేదాన్ని."

వాడు అక్క భుజం మీద తల వాల్చేశాడు. చిన్నప్పుడు వెనక వరసలో సినిమా మధ్యలో నిద్రపోయినప్పుడు కూడా ఇంత బరువు వెయ్యలేదు. ఆమె కదలకుండా మోసింది.

కొంతసేపటికి గార్బిస్ మెల్లగా పెరట్లోకి వచ్చాడు. వెనకాలే వార్ట్‌కెస్, ఆయన మోచేయి పట్టుకుని. గార్బిస్ కొడుకు ఎదుట నిలబడి, అటూ ఇటూ చూసి, "రేపటినుంచి నువ్వు థియేటర్లకు రావద్దు" అన్నాడు.

"అదేంటి నాన్నా, రేపు మోడెస్టో థియేటర్‌లో ఏసీ బాగుచేసేవాళ్లు..."

"నేను చూసుకుంటాను. కట్టింది నేను. మూసేది కూడా నేనే. నా పేరు తుడిచిపెట్టిన పాపం నీకెందుకు, నా చేత్తో నేనే దించుకుంటాను." ఆయన కొడుకు తల నిమిరాడు. "ఆ వేసవి అయిపోయిందిరా."

కేగామ్ లేచి తండ్రిని కరుచుకుపోయాడు. వార్ట్‌కెస్ పక్కకు తిరిగి ముక్కు చీదుకుని, "మూసేదాకా నా దయ్యాల సినిమాలన్నీ ముందు ఇక్కడే వేస్తాం బావగారూ. జనాన్ని హడలగొట్టి పంపిద్దాం" అన్నారు. ఏడుస్తూనే నలుగురూ నవ్వారు.

అనుకున్నంత తేలిగ్గా ఏమీ జరగలేదు. ఆ ఏడాదంతా జాబెల్ వారం వారం ఫ్రెస్నో వెళ్లి తండ్రి పక్కన కూర్చుంది. రెండు థియేటర్లను వేరే కంపెనీ కొన్నది. ఒకదాన్ని ఊరి నాటక సంఘం అద్దెకు తీసుకుంది. మిగిలినవి మూతపడ్డాయి. చివరి థియేటర్ పేరు పలక దించిన రోజు గార్బిస్ ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున మాత్రం తనే కూతురికి ఫోన్ చేసి, బాగా నిద్రపట్టిందని చెప్పాడు.

కేగామ్ గ్లెండేల్‌లో అక్క ఇంటికి దగ్గర్లో చిన్న వాటా తీసుకున్నాడు. ఇళ్లకు కరెంటు పని చేసే ఒకతని దగ్గర పని నేర్చుకుంటున్నాడు. వచ్చిన మొదటి శుక్రవారం సాయంత్రం ఫోన్ చేశాడు.

"అక్కా."

"ఏరా?"

"పని అయిపోయింది. స్నానం కూడా చేశాను. ఏం చెయ్యాలో తెలియడం లేదే. ఈ టైముకు జనం ఏం చేస్తారు?"

జాబెల్‌కు నవ్వు, ఏడుపు ఒక్కసారే తన్నుకొచ్చాయి. గరిటె పక్కన పెట్టి, చేతిగుడ్డతో కళ్లు ఒత్తుకుంది.

"ఇంటికెళ్లి అన్నం తింటార్రా. వచ్చెయ్."